గొలుసు రెండో కొస

జ్ఞాపకార్థ కూడికలో బల్ల మీద పెట్టిన ఫోటోకి ఎడమ మూల ఒక చెవి ఉంది. తేనె రంగు చెవి, సగమే. ఆ చెవి మాది.

చర్చి హాల్లో ఉన్నవాళ్లెవరూ దాన్ని గమనించినట్టు లేదు. నేను పత్రికలో ఏళ్ల తరబడి ఫోటోలు కత్తిరించినవాణ్ణి. ఏ ఫోటో చూసినా నా కళ్లు ముందు కత్తిరించిన చోటికే పోతాయి. ఇది మా అమ్మాయి తీసిన ఫోటో. ఒక క్రిస్మస్ పొద్దున, మల్కాజ్‌గిరిలో మేము అద్దెకుంటున్న ఇంటి గేటు దగ్గర తీసింది. అసలు ఫోటోలో ముగ్గురం ఉన్నాం. మధ్యలో మా కుక్క. దానికి కుడిపక్కన కింది పోర్షన్ టీచర్‌గారు, గంజి పెట్టిన తెల్ల చీరలో. ఎడమపక్కన నేను, గొలుసు పట్టుకుని. కూడిక కోసం ఎవరో ఆమె వరకు కత్తిరించి పెద్దది చేయించారు. చెవి మిగిలిపోయింది. చెవి కింద గొలుసు జానెడు కనిపించి, ఫోటో అంచు దగ్గర ఆగిపోయింది. దాని రెండో కొస నా చేతిలో ఉంది. ఆ చెయ్యి ఫోటోలో లేదు.

ఆమెను ఎరిగినవాళ్లు లేచి రెండు మాటలు చెప్పమన్నారు పాస్టర్‌గారు. ఆమె పాఠం చెప్పిన మిషన్ స్కూలు పూర్వవిద్యార్థులు చెప్పారు. గుంటూరు నుంచి వచ్చిన తమ్ముడి కూతురు చెప్పింది. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "చెప్పండి జెర. ఇన్నేండ్లు ఒక్క ఇంట్ల ఉన్నం."

నేను లేవలేదు. అందరూ ఆమె ప్రార్థన గురించి, క్రమశిక్షణ గురించి, పిల్లలకు ఆమె పెట్టిన గోడకుర్చీల గురించి చెబుతున్నారు. నాకు తెలిసిన ఆమె వేరు. నాకు తెలిసిన ఆమె, రోజూ పొద్దున నా కుక్క చేత నా పేపరు తెప్పించుకుని నాకంటే ముందు చదివిన మనిషి. ఆ సంగతి కుళ్లు లేకుండా చెప్పడం నాకు ఇప్పటికీ చేత కాదు. చావు ఇంటి మర్యాద నాకు తెలుసు కనుక ఊరుకున్నాను.

ల్యాబ్రడార్ కావాలని పట్టుబట్టింది మా అమ్మాయి. బ్రూనో అని పేరు పెట్టింది. అది కాస్త ఎదిగేసరికి తను చదువుకి పుణె వెళ్లిపోయింది, కుక్క మాకు మిగిలింది. నాకు కావలసిందీ అదే. డెస్కు మీద పనిచేసేవాడికి తనదంటూ ఏదీ ఉండదు. వార్త రిపోర్టరుది, ఫోటో ఫోటోగ్రాఫరుది, మనం పెట్టిన హెడ్డింగు కింద మన పేరుండదు. ఒక్క ప్రాణి అయినా నన్ను, నన్ను మాత్రమే, తన మనిషి అనుకోవాలని ఆశపడ్డాను. ఆ ఆశకి ల్యాబ్రడార్‌ను తెచ్చుకోవడం నీళ్లకని జల్లెడ పట్టుకుని వెళ్లడం లాంటిదని అప్పటికి తెలియదు.

మొదటి సూది వేయించడానికి తీసుకెళ్లినప్పుడే సికింద్రాబాద్ కార్ఖానా పేటలో ఉండే పశువుల డాక్టరు చెప్పాడు.

"కాపలాకి తెచ్చుకున్నరా సార్?"

"కాదు."

"మంచిగైంది. దొంగొస్తే వాడి చెప్పులు వాడికి తెచ్చిస్తది ఇది. ఫ్యామిలీ డాగ్."

"ఒక్కరికే అలవాటైతదా?"

ఆయన సూది పక్కన పెట్టి నా వైపు చూశాడు. "ఒక్కరికా? గల్లీ మొత్తానికి అలవాటైతది సార్."

మిగతాది దానితో బతికి తెలుసుకున్నాం. ఈ జాతికి కడుపు నిండిందన్న కబురు ఎప్పటికీ అందదు. ఇంట్లో అందరి పళ్లాలూ అయిపోయాక కూడా, తను పుట్టిందగ్గర్నుంచి మెతుకు ఎరగనట్టు చూస్తుంది. తోక ఊపితే టీపాయ్ మీద గ్లాసులు ఉండవు. వెంట్రుకలు ఒక కాలంలో రాలతాయని పుస్తకాల్లో ఉంటుంది, మా ఇంట్లో ఆ కాలం ఏడాది పొడుగునా ఉంటుంది. నీళ్లు కనబడితే చాలు, మడుగా బకెట్టా అని చూడదు. మనిషి పక్కన నిలబడదు, మనిషి మీద వాలుతుంది. తన బరువంతా మన మోకాలికి ఆనించి, ఇక ఈ లోకంలో తనకి వేరే ఆధారం లేదన్నట్టు పైకి చూస్తుంది. ఆ చూపు మనకొక్కరికే అనుకుంటాం. అక్కడే మోసపోతాం. పాలవాడి మోకాలికీ, కరెంటు మీటరు చూడవచ్చినవాడి మోకాలికీ అదే వాలడం, అదే చూపు.

ఇంకొకటి దాని నోరు. వేటలో పడిన పిట్టను నలగకుండా తెచ్చివ్వడానికి పెంచిన జాతి. ఏది నోట పట్టినా పంటి గుర్తు పడదు. పట్టింది ఎవరికో ఒకరికి తీసుకెళ్లి ఇవ్వకపోతే దానికి తోచదు. ఎవరికి ఇవ్వాలన్నది మాత్రం అదే తేల్చుకుంటుంది. మా బ్రూనో తేల్చుకుంది.

నైట్ డ్యూటీలు మానేసి ఆదివారం అనుబంధం చూసుకోవడం మొదలుపెట్టి చాలా కాలమైనా, నాకు పొద్దున లేవడం పట్టుబడలేదు. మా ఆవిడ తెల్లవారగానే తలుపు తీసి కుక్కను కిందికి వదిలేది. కింద వరండాలో టీచర్‌గారు అప్పటికే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, స్టీలు గ్లాసులో టీ చల్లార్చుకుంటూ ఉండేది. ఒక వానాకాలం పొద్దున పేపరు గేటు లోపల నీళ్ల మడుగు పక్కన పడిందట. ఆమె చీర తడుస్తుందని లేవకుండా, కుక్క వైపు చూసి, "కాస్త అది తీసుకురండి" అన్నదట. తెచ్చింది. అది పేపరు నోట పట్టుకుని తల ఎత్తి నడిచొచ్చిన తీరు చూసి ఆమె నవ్విందట. ఇదంతా తర్వాత ఆమే చెప్పింది నాకు.

"మా స్కూల్లో ఒక హెడ్మాస్టారు ఉండేవారండీ. అచ్చం ఇలాగే రిజిస్టరు పట్టుకుని తనిఖీకి వచ్చేవారు. నోట్లో కాదనుకోండి."

ఆ రోజు నుంచి మా బ్రూనో ఆమెకు మాస్టారు అయ్యాడు. ఎప్పుడూ 'అండీ' అనే పిలిచేది. మనుషుల్లో కూడా ఆమె 'అండీ' అనని వాళ్లు కొంతమంది ఉండేవారు కానీ కుక్కకు మాత్రం గౌరవం తగ్గించలేదు. తల నిమరదు, ముద్దు చేయదు. మెడలో సన్న గొలుసుకు వేలాడే కళ్లజోడు తీసి, దాని కొసతో గడ్డం కింద గీకేది, అంతే. మాస్టారు కళ్లు మూసుకునేవాడు. నేను ఒళ్లంతా దువ్వినా అలా కళ్లు మూయలేదు ఎప్పుడూ.

పేపరు తెచ్చాక ఒక తంతు ఉండేది. కుక్క ఆమె ముందు నిలబడేది, పేపరు వదిలేది కాదు. ఆమె కళ్లజోడు పెట్టుకుని, చీర సర్దుకుని, చెయ్యి చాచి, తనకు అలవాటైన ఆ సాగదీతతో అడిగేది:

"ఏం రాశారండీ మనవాళ్లు?"

అప్పుడు వదిలేది. తడిసిన అంచును ఆమె కొంగుతో అద్ది, దోసకాయ ముక్కొకటి మాస్టారికి ఇచ్చి, హెడ్డింగులు ఒక్కొక్కటే పైకి చదివేది. కుక్కకు వినిపించడానికి. పైన పడుకున్న నాకూ వినిపించేవి. నా పేపరులో, నా వాళ్లు పెట్టిన హెడ్డింగులు, నా కుక్కకు వేరే మనిషి చదివి వినిపిస్తుంటే, దుప్పటి కింద పడుకుని వినడం ఎలా ఉంటుందో చెప్పలేను. అప్పుడప్పుడూ మెట్ల వైపు తల తిప్పి గొంతు పెంచేది.

"ఎడిటర్‌గారూ, ఈ మూడో పేజీ హెడ్డింగు మాస్టారికి అర్థం కాలేదటండీ."

"నేను ఎడిటర్‌ను కాదు టీచర్‌గారు, సబ్ ఎడిటర్‌ను," అని మంచం మీద నుంచే అరిచేవాణ్ణి.

"ప్రమోషన్ ఇస్తుంటే వద్దంటారేంటండీ."

నేను లేచి కిందికి వచ్చేసరికి పేపరు మడతపెట్టి మెట్టు మీద ఉండేది. కుక్క ఆమె కుర్చీ కింద ఉండేది. నన్ను చూసి తోక ఊపేది, లేచేది కాదు.

ఆదివారాలు మరీ అన్యాయం. ఆమె మొదటి ఆరాధనకి సికింద్రాబాద్ పోయేది. తెల్ల చీర మీద వెంట్రుక పడకూడదు కనుక, "ఈ రోజు సెలవండీ మాస్టారూ, దూరం, దూరం" అని చెయ్యి చూపిస్తూ గేటు దాటేది. కుక్క పేపరు నోట పట్టుకుని గేటు దగ్గర కూర్చునేది. ఆమె తిరిగొచ్చేదాకా వదిలేది కాదు. అందులో ఉన్నది ఆదివారం అనుబంధం. వారమంతా నేను కూర్చుని చేసింది. అచ్చులో ఎలా వచ్చిందో చూసుకోవాలని నాకు ఉండదా? "డ్రాప్" అన్నాను. "గివ్" అన్నాను. యూట్యూబ్‌లో చూసి బిస్కెట్ చూపించాను. బిస్కెట్ తిని, మళ్లీ పేపరు పట్టుకుంది. ఆమె అనే మాట అంటే ఇచ్చేదేమో. నేను అనలేదు. నా కుక్కను నా పేపరు అడగడానికి కిందింటావిడ మాట అరువు తెచ్చుకోవాలా?

అనుబంధంలో ఒకసారి ఈ జాతి గురించే రాశాను. ల్యాబ్రడార్ ఇంటిల్లిపాదికీ నేస్తమని, తిండి విషయంలో దాన్ని నమ్మరాదని, నోటి దగ్గరి ముక్కను ఈ జాతి ప్రాణం పోయినా వదలదని. మర్నాడు టీచర్‌గారు నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"బాగా రాశారండీ. ఇంటిల్లిపాదికీ అన్నారు."

"అవును."

"ఇల్లంటే కింది పోర్షనూ కలిపే కదండీ?"

ఆ రోజు ఆఫీసులో ఏ కాపీ దిద్దినా మనసు కుదరలేదు.

ఒక వేసవిలో పంతం పట్టాను. అలారం పెట్టుకుని లేచి, పేపరు పడే వేళకి మెట్ల మీద కూర్చున్నాను. టీచర్‌గారు కుర్చీలో ఉంది. టీ ఊదుకుంటోంది. పేపరు వచ్చి పడింది. బ్రూనో తీసుకున్నాడు. నా ముందు ఆగి, నా మోకాలికి ఒకసారి భుజం ఆనించి, పక్కనుంచి వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు.

"నేనేం పిలవలేదండీ," అన్నదామె. పిలవలేదు కూడా. అదే ఎక్కువ మండింది.

రెండో పేపరు వేయించాను. ఒకటి ఆమెకు ఇస్తే, ఇంకొకటి నాకు తెస్తుందని. మొదటిది తీసుకెళ్లి ఆమెకిచ్చింది. తిరిగొచ్చి రెండోది తీసుకుంది. నాకు కొంచెం ఆశ పుట్టింది. అదీ తీసుకెళ్లి ఆమెకే ఇచ్చింది. ఆమె రెండు పేపర్లూ ఒళ్లో పెట్టుకుని, నవ్వు ఆపుకుంటూ అడిగింది, "ఇందులో మీకొకటి పంపించమంటారా?"

మా ఆవిడ పై నుంచి చూస్తూనే ఉంది. "పెద్దమనుషులు ఇద్దరు, ఒక కుక్క. ఏందీ పంచాయితి?" అన్నది. తర్వాతి నెల రెండో పేపరు మాన్పించింది.

నాకు ఎదురుదెబ్బ కొట్టడానికి ఉన్నది సాయంత్రం ఒక్కటే. ఏడింటికి నా స్కూటర్ గేటు దగ్గరికి వచ్చేసరికి బ్రూనో అక్కడ ఉండేవాడు, ఒళ్లంతా ఊపుకుంటూ. కానీ ఆ వేళకి కింది పోర్షన్‌లో టీవీ సౌండు పెద్దగా ఉండేది. వార్తలో, బైబిల్ వాక్యమో, ఏదైనా సరే, గేటు దాకా వినపడేంత. నా కుక్కను నేను పలకరించుకుంటుంటే ఆ మోత. పొద్దున ఆటలో గెలిచిన మనిషి, సాయంత్రం నా ముచ్చట కూడా వినబడకుండా చేస్తోందనుకునేవాణ్ణి. తలుపు కొట్టి చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. ఆమె పెద్దది, ఒంటరి మనిషి. ఊరుకున్నాను, కానీ మనసులో పెట్టుకున్నాను.

తర్వాత నాకు డెంగ్యూ వచ్చింది. ఆసుపత్రిలో పడ్డాను, మా ఆవిడ నాతోనే ఉంది. కుక్క కింద ఆమె దగ్గరే తిని, ఆమె దగ్గరే పడుకుంది. ఇంటికి వచ్చిన రోజు ఆటో దిగుతుంటే బ్రూనో గేటు మీదికి ఎగిరాడు, ఏడ్చినట్టు చప్పుడు చేశాడు, నా చెప్పు ఒకటి తీసుకుని చుట్టూ తిరిగాడు. నేను మెట్లెక్కి మంచం మీద పడ్డాను. కళ్లు తెరిచి చూస్తే పక్కన లేడు. పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి చూశాను. ఆమె గడప మీద గడ్డం ఆనించి పడుకుని ఉన్నాడు. జ్వరం తగ్గిన ఒంటికి మళ్లీ వేడెక్కినట్టయింది. గట్టిగా అన్నాను, ఎవరికి వినపడాలో వాళ్లకి వినపడేలా: "అక్కడనే ఉండు. ఇగ పైకి రాకు."

మర్నాటి నుంచి చిత్రం మొదలైంది. పొద్దున పేపరు పడింది, కుక్క తీసుకెళ్లింది, ఆమె తలుపు తీయలేదు. కుర్చీ వరండాలో లేదు. కుక్క తలుపు ముందు నిలబడి, నిలబడి, మెట్లెక్కి నా మంచం దగ్గరికి వచ్చింది. పేపరు ఇవ్వలేదు, కానీ వచ్చింది. పక్కన పడుకుంది. నాకు పండుగలా ఉంది. తర్వాతి రోజూ అంతే. ఆ తర్వాతా అంతే. మనిషి నీరసంగా ఉన్నప్పుడు కుక్కకు తెలుస్తుందని, చివరికి రక్తం అసలు యజమానిని గుర్తు పట్టిందని మా ఆవిడతో అన్నాను.

ఆమె జావ గిన్నె బల్ల మీద పెట్టింది. "రక్తం లేదు, ఏం లేదు. టీచరమ్మ పొద్దుగాలనే తలుపు పెట్టుకొని లోపల కూసుంటున్నది. బయట కూసుంటే ఇది పైకి రాదని. మీరు అరిచింది సుత విన్నది. నిన్న చాయ్ ఇయ్యబోతే కిటికీలకెల్లి తీసుకున్నది."

నేను జావ తాగలేకపోయాను. గెలిచాననుకున్న ఆట అవతలివాళ్లు వదిలేస్తే గెలిచిందని తెలిస్తే, ఓడిపోయినప్పటికంటే ఎక్కువ మండుతుంది. గోడ పట్టుకుని మెట్లు దిగాను. బ్రూనో నా వెనకే, నోట్లో పేపరుతో. తలుపు కొట్టాను. కొంచెంగా తెరుచుకుంది.

"తలుపెందుకు మూసుకుంటున్నరు టీచర్‌గారు?"

"దోమలండీ. మీకు వచ్చిందిగా, నాకూ వస్తుందని."

"పొద్దుగాల దోమలా?"

"ఆదివారం కాదుగా ఇవాళ, ఒక అబద్ధం ఆడొచ్చులెండి," అన్నది. తలుపు పూర్తిగా తీసింది. కుక్క లోపలికి పోయి ఆమె కాళ్ల మీద వాలింది. ఆమె చెయ్యి చాచలేదు. "మీ దగ్గరికి వెళ్లండి మాస్టారూ" అన్నది. అది కదలలేదు.

"చూడండి," అన్నాను. "మీరు తలుపేసినా ఇంతే. నా దగ్గర ఉంటది కానీ, నాది కాదు."

ఆమె నన్ను కుర్చీలో కూర్చోమని, తను గడప మీద కూర్చుంది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మీ స్కూటరు ఆ మలుపు తిరుగుతుంది చూడండి, సాయంత్రం. నాకు వినపడదు. ఎవరికీ వినపడదు. దీనికి వినపడుతుంది. అప్పటిదాకా నా పక్కన పడుకుని ఉంటుంది. క్యారెట్ ముక్క చేతిలో పట్టుకుని పెడుతుంటాను. సగం కొరికి ఉంటుంది. అది అలాగే వదిలేసి లేచిపోతుందండీ. నా వంక చూడదు కూడా. ఆ సగం ముక్క నా చేతిలోనే ఉండిపోతుంది." అరచెయ్యి చాపి చూపించింది. "ఈ జాతి నోటి దగ్గరి ముక్క ప్రాణం పోయినా వదలదని రాసింది మీరే."

నేను కుక్క నోట్లో ఉన్న పేపరు వైపు చూశాను.

"నాకోసం ఎప్పుడైనా వదిలిందా? నేను చర్చి నుంచి వస్తే పేపరుతో వస్తుంది, నిజమే. కానీ అప్పుడు దాని ముందు ఇడ్లీ పెట్టి చూడండి, నేనెవరో కూడా గుర్తుండదు. అందుకని మీరు వచ్చే వేళకి టీవీ పెంచేదాన్ని. గేటు దగ్గర మీ ఇద్దరి గోల వినలేక."

అన్నేళ్లు నేను ఆఫీసు నుంచి వస్తున్నాను. గేటు దగ్గరికి వచ్చిన కుక్కను చూశాను కానీ, అది దేన్ని వదిలి వచ్చిందో నాకెలా కనబడుతుంది? ఆమె చేతిలో మిగిలేది ఆ ముక్క.

"మీరు కుళ్లుకుంటున్నరా టీచర్‌గారు?" అన్నాను.

"మీకంటే ఎక్కువండీ," అన్నది, ఎంతో మర్యాదగా.

అప్పుడు కుక్క వైపు తిరిగి, కళ్లజోడు పెట్టుకుని, చెయ్యి చాచి, "ఏం రాశారండీ మనవాళ్లు?" అన్నది. వదిలింది. ఆమె పేపరును రెండుగా తీసి లోపలి కాగితాలు నాకు ఇచ్చింది. మొదటి పేజీ తనే ఉంచుకుంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు పొద్దున్నే దిగి వచ్చేవాణ్ణి. ఆ వరండాలో రెండు కుర్చీలు ఉండేవి. అలాగని కుళ్లు పోయిందనుకోకండి. అది ఆమె పాదం మీద తల పెట్టి పడుకుంటే నాకు వార్త తలకెక్కేది కాదు. ఆమె అది కనిపెట్టి, కాలు కదపకుండా పేజీ తిప్పేది. నేను రిటైరయ్యాక సాయంత్రం ఆఫీసు నుంచి రావడమనేది లేకుండా పోయింది. అయినా ఏడు కాబోతుండగా స్కూటర్ తీసేవాణ్ణి. పాలకని, కొత్తిమీరకని ఏదో ఒకటి చెప్పి, రైల్వే గేటు దాకా పోయి, మలుపు తిరిగి వచ్చేవాణ్ణి. లోపల టీవీ మోత లేచేది. దాని వెనక నుంచి ఆమె గొంతు.

"ఎడిటర్‌గారూ, ఇవాళ కూడా కొత్తిమీరేనా అండీ?"

ఎంత కొత్తిమీర తిన్నామో మా ఆవిడను అడగాలి.

పోయిన ఎండాకాలం చివర్లో ఆమె ఆసుపత్రికి వెళ్లింది. గుండె. రెండు రోజుల్లో వచ్చేస్తానన్నది, ఆటో ఎక్కుతూ. "మాస్టారికి దోసకాయ చెక్కు తీసి పెట్టండి, మీరు తియ్యరు, నాకు తెలుసు," అన్నది. రాలేదు. కూడిక అయ్యాక తమ్ముడి కూతురు సామాను సర్దించి తీసుకెళ్లింది. తలుపుకి తాళం పడింది.

బ్రూనో ఇప్పుడు ముసలివాడు. మూతి తెల్లబడింది, నడుము పట్టేస్తుంది, మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా ఆలోచించుకుంటాడు. అయినా పొద్దున దిగేవాడు. పేపరు తీసుకుని తాళం వేసిన తలుపు ముందు నిలబడేవాడు. అక్కడే కూలబడి దిగులుపడతాడనుకున్నాను. పడలేదు. కాసేపు చూసి, పేపరు నోట్లోనే ఉంచుకుని గేటు దగ్గరికి పోయి, దారిన పోయేవాళ్లందరికీ తోక ఊపేవాడు. ఇస్త్రీ బండి ఆయన దగ్గర నిలబడేవాడు. ఎవరు లాగినా పేపరు ఇచ్చేవాడు కాదు. చివరికి మెట్ల కింద పడుకుని నిద్రపోయేవాడు. నిద్రలో నోరు వదులయ్యేది. అప్పుడు నేను మెల్లగా తీసుకుని చదువుకునేవాణ్ణి. ఆ మాట నేను అప్పుడూ అనలేదు. అది ఆమెది.

వారం కిందట కింది పోర్షన్‌లోకి కొత్తవాళ్లు దిగారు. కరీంనగర్ వైపు జంట, ఇద్దరూ కంప్యూటర్ ఉద్యోగాలే. నేను పైన బ్రష్ చేసుకుంటుంటే కింద తలుపు తీసిన చప్పుడు, ఆ వెంటనే ఆ అమ్మాయి గొంతు.

"అంకుల్, మీ డాగ్ పేపర్ పట్టుకొని వచ్చింది. తీసుకుందమంటే ఇస్తలేదు."

పిట్టగోడ మీద నుంచి వంగి చూశాను. తల ఎత్తి నిలబడ్డాడు, తనిఖీకి వచ్చినట్టు. తోక ఊగుతోంది. ఎవరిని చూసినా ఊగే తోకే అది. టీచర్‌గారు పోయి ఎంత కాలమైందని? ఆమె గడప మీద, ఆమె కుర్చీ ఉండే చోట, నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు పేపరు అందిస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈసారి నా కోసం కాదు.

కిందికి దిగాను. ఆ అమ్మాయి పేపరు కొస పట్టుకుని మెల్లగా లాగుతోంది, అది మెల్లగా బిగిస్తోంది.

"మీరు పేపర్ చదువుతరా అమ్మా?"

"లేదంకుల్, ఫోన్‌లనే చూస్తం."

"మరి వదిలెయ్యి."

వదిలేసింది. నేను దాని ముందు నిలబడ్డాను. చెయ్యి చాచాను. ఆమె మాటనే నా యాసలో అన్నాను, "ఏం రాసిన్రు మనోళ్లు?"

నా వైపు చూసింది. వదల్లేదు.

ఆ అమ్మాయి చూస్తోంది. మా ఆవిడ కూడా పైన పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడిందని తెలుస్తోంది. నేను జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాను. గొంతు సవరించుకున్నాను. నాది కాని ఆ సాగదీతతో, ప్రతి అక్షరం ఆమె ఎక్కడ ఆపేదో అక్కడ ఆపి, అడిగాను.

"ఏం రాశారండీ మనవాళ్లు?"

పేపరు నా చేతిలో పడింది. అంచు తడిగా ఉంది.

"గట్ల కూడ నేర్పిన్రా అంకుల్? మస్తుంది," అన్నది ఆ అమ్మాయి. "మీ డాగేనా ఇది?"

"గొలుసు నాదమ్మా," అన్నాను.

ఆమెకు అర్థమైనట్టు లేదు. అప్పటికే బ్రూనో ఆ అమ్మాయి మోకాలికి తన బరువంతా ఆనించి, లోకంలో తనకింకెవరూ లేరన్నట్టు పైకి చూస్తున్నాడు. ఆమె మురిసిపోయి, "అయ్యో, నేనంటే ఎంత ఇష్టమో చూడండి," అన్నది.

తడిసిన అంచును లుంగీ కొసతో అద్దుతూ, నేను అలవాటుగా పక్కకు చూశాను. ఇది చూసి నాతోపాటు కుళ్లుకోవాల్సిన మనిషి కుర్చీ అక్కడ లేదు.